చిప్స్ కొనే ఇన్‌స్పెక్టరు

"పదహారేళ్ల లోపు పిల్లలకి చిప్స్, కూల్‌డ్రింకులు అమ్మకూడదు. రేపటి నుంచి రూలు," అన్నాడు హెల్త్ ఇన్‌స్పెక్టరు.

స్కూలుకి ఎదురుగా ఉన్న ఆ చిన్న షాపులో, కౌంటరు వెనక అమ్మాయి తలెత్తి చూసింది.

"పిల్లలు లావైపోతున్నారనా?"

"అవునండీ."

"మీలాంటి పెద్దవాళ్లకి అమ్మొచ్చా?"

"అమ్మొచ్చు."

"అయితే ఏం కావాలి?"

అతనికేమీ అక్కర్లేదు. కానీ ఆమె కళ్లు పెద్దవి, అతని ధైర్యం చిన్నది. ఒక చిప్స్ ప్యాకెట్ కొనుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు చెకింగుకి వచ్చాడు. ఊరికే నిలబడితే బాగోదని ఇంకో ప్యాకెట్ కొన్నాడు. ఆ తర్వాత చెకింగు రోజూ జరిగింది. వాన పడిన రోజు రెండుసార్లు జరిగింది. రెండోసారి గొడుగు మరిచిపోయానని వచ్చాడు. అతను గొడుగే తేలేదని ఆమెకి తెలుసు. అయినా ఇద్దరూ కలిసి కాసేపు వెతికారు.

పిల్లలు తక్కువవాళ్లా? తాతయ్యల్ని వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టారు.

"తాతగారూ, మీకు పళ్లే లేవు కదా. ఈ చిప్స్ ఎవరికి?"

"నాకేనమ్మా. చప్పరిస్తాను."

ఆమె నవ్వాపుకుని ఇచ్చేసేది. రూలు ఓడిపోతే షాపుకి మంచిదే.

ఒకరోజు ఇన్‌స్పెక్టరు ప్యాకెట్ విప్పకుండానే చెప్పాడు. "ఈ రూలు ఈ ఒక్క వీధిలోనే పెట్టి చూస్తున్నారండీ. సెలవులకి ముందు స్కూలు నర్సుగారు పిల్లల బరువులు చూస్తారు. ఫలితం లేకపోతే తీసేస్తారు."

"తీసేస్తే మీరు?"

"నన్ను వేరే ఊరికి వేస్తారు."

"మంచిది," అంది ఆమె. చిల్లర ఇవ్వడం మరిచిపోయింది.

మర్నాటి నుంచి తాతయ్యలకి కష్టాలొచ్చాయి.

"ఇక్కడే, నా ముందే చప్పరించండి తాతగారూ. చూస్తాను."

చిప్స్ దండలు వేలాడే చోటికి అరటిపళ్లు, స్కిప్పింగ్ తాళ్లు వచ్చాయి.

"అమ్మలూ, మనం ఆ రూలుకి వ్యతిరేకం కదే?" అన్నాడు వాళ్ల నాన్న.

"పిల్లల ఆరోగ్యం నాన్నా," అంది వీధిలోకి చూస్తూ. వీధిలో పిల్లలెవరూ లేరు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

బరువులు చూసిన రోజు మధ్యాహ్నం నర్సు సబ్బు కొనడానికి వచ్చింది.

"ఎవరూ తగ్గలేదు," అంది.

అమ్మాయి సబ్బు అందించబోయి ఆగింది.

"కానీ పెరగనూ లేదు. ఎదిగే పిల్లలు కదా, పొడుగు పెరిగి బరువు అలాగే ఉందంటే మంచి సంగతే. అది రూలు వల్లో నీ తాళ్ల వల్లో ఇప్పుడే చెప్పలేం. ఇంకో ఏడాది చూస్తారట." సబ్బు సంచిలో వేసుకుంది. "మెషీను సరిగ్గా ఉందో లేదోనని ఇన్‌స్పెక్టర్ని ఎక్కించాను. ఈ వీధి మొత్తానికి లావెక్కింది ఆయనొక్కడే."

సాయంత్రం అతను వచ్చాడు.

"ఒక చిప్స్..."

"అమ్మను."

"నాకు రూలు లేదు కదండీ."

"నేను పెట్టాను."

"మరి ఏం కొనను?"

"ఏమీ కొనకండి."

అతని ముఖం వాడిపోయింది. "అంటే, రావొద్దంటారా?"

"కొనొద్దన్నాను. రావొద్దనలేదు."

అతను కౌంటరు మీది త్రాసు వైపు చూశాడు. "నిజానికి నాకు చిప్స్ అంటే ఇష్టం లేదండీ."

"మరి రోజూ ఎందుకు కొన్నారు?"

"అమ్మేది మీరు కదా."

ఆమె మూత పెట్టిన డబ్బాకే మళ్లీ మూత పెట్టింది.

వెనక సరుకుల గదిలోంచి నాన్న గొంతు వినిపించింది. "బాబూ, మా షాపులో కొనేవాళ్లు కౌంటరు అవతల నిలబడతారు. ఏమీ కొననివాళ్లు ఇంటివాళ్లు. లోపలికి రా."

అతను కంగారుగా కౌంటరుకి ఉన్న ఎత్తే పలక కింద నుంచి దూరబోయి, సగంలో ఇరుక్కున్నాడు.

పలక ఎత్తడానికి ఆమె వచ్చింది. వెంటనే ఎత్తలేదు. ముందు కడుపుబ్బా నవ్వుకుంది.