పెద్ద చర్చి కప్పులో కన్నం

ఆ పెద్ద చర్చిలో ఎక్కడైనా నిలబడొచ్చు గానీ, నడి కప్పులో ఉన్న గుండ్రటి కన్నం కింద మాత్రం నిలబడకూడదని ఇన్ అనే నది ఒడ్డున పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఎప్పుడో పూజ మధ్యలో గుర్రుపెట్టి నిద్రపోయిన ఫాదరొకాయన, చచ్చాక స్వర్గానికి పోబోతూ ఆ కన్నంలో పొట్ట పట్టక ఇరుక్కున్నాడట. పైకీ పోలేక, కిందికీ రాలేక, చీకటి పడితే త్రిశంకుడిలా వేలాడతాడట... కాళ్ళు లేకుండా.

వచ్చినవాళ్ళకి లాంతరు పట్టుకుని చర్చి చూపించే జెంజీకి అన్నం పెట్టింది ఈ కథే. కొత్తగా వచ్చిన ఫాదర్ కొర్బీనియన్‌కి అది గిట్టలేదు.

"దేవుడి ఇంట్లో దెయ్యాలేంటమ్మాయ్? ఇంకోసారి ఆ మాట నీ నోట వస్తే, తాళాల గుత్తి అక్కడ పెట్టి, నీకిచ్చిన గది ఖాళీ చేసి వెళ్ళు."

జెంజీ ఊరుకునే రకమా? "బయట గోడ నిండా రాతి దెయ్యాలున్నాయి కదా ఫాదర్. వాటినీ ఖాళీ చేయిస్తారా?"

"అవి మాట్లాడవు. నువ్వు మాట్లాడతావు."

వాదనలో ఓడిపోవడం ఆమెకదే మొదటిసారి.

అందుకే ఆ సాయంత్రం బుద్ధిగా కిటికీల గురించీ కమానుల గురించీ చెప్పుకుపోయింది. ఒకాయన స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు. ఈక టోపీ పెట్టుకున్న బెర్టా అనే ముసలావిడకి మాత్రం ఓపిక చచ్చింది.

"ఆ వేలాడేవాడి సంగతి చెప్పవేం పిల్లా? వాడికోసమే ఈ మోకాళ్ళతో ఇంత దూరం వచ్చాను."

"అలాంటివాడెవడూ లేడండీ. రేపు మోక్షారోహణ పండుగ. చెక్క క్రీస్తు విగ్రహాన్ని తాడు కట్టి ఆ కన్నంలోంచి పైకి లాగుతారు. కన్నం అందుకు, అంతే."

"అయితే వెళ్ళి దానికింద నిలబడు మరి."

జెంజీ తల ఎగరేసి వెళ్ళి సరిగ్గా కన్నం కింద నిలబడింది. "నిలబడ్డాను. ఏమైంది?"

టప్...

ఆమె కాళ్ళ ముందు ఏదో పడింది. లాంతరు దించి చూసింది. నల్లటి బూటు.

మెల్లిగా లాంతరు ఎత్తింది. పైన, చీకట్లో — నల్లటి ఆకారమొకటి మెల్లమెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. తల ఉంది... భుజాలున్నాయి... అంగీ ఉంది... కింద కాళ్ళు లేవు.

అరవడానికి కూడా ఎవరూ ఆగలేదు. మోకాళ్ళ నొప్పుల బెర్టా అందరికంటే ముందు గుమ్మం చేరింది.

జెంజీ మాత్రం కదల్లేదు. నిలబడ్డచోటే వంగి బూటు చేతిలోకి తీసుకుంది. బుర్రలో ఒక ప్రశ్న గింజుకుంటోంది — కాళ్ళు లేనివాడికి బూటెందుకు?

"జెంజీ..." పైనుంచి గుసగుస. "వాళ్ళు వెళ్ళారా?"

అంగీ అంచులోంచి ఎర్ర మేజోడొకటి బయటికి తొంగిచూసింది. ఆ ఎర్ర మేజోళ్ళు ఊళ్ళో ఒక్కరివే.

"ఫాదర్... మీరా?"

"మెల్లగా. తాడు కొత్తది, విగ్రహం పాతది. తెగితే? అందుకని ముందు తాడుకి పీట కట్టి నేనే కూర్చుని చూద్దామని..."

"విగ్రహం పగలకూడదని మీరు పగులుదామనుకున్నారా?"

"వెటకారాలొద్దు. కాళ్ళు ముడుచుకుని ముడుచుకుని తిమ్మిరెక్కాయి. మన పనివాడు వెండెలిన్ పైన తాడు చుట్టే రాట్నం తిప్పుతున్నాడు. సగం దాకా లాగి ఆపేశాడు. పిలిస్తే పలకడు, చెవిటి మాలోకం."

"గుమ్మంలో వాళ్ళు అడుగుతారు. మీరని చెప్పనా?"

పీట రెండు చుట్లు తిరిగింది.

"...ఆ కథ చెప్పు."

"ఏ కథ ఫాదర్?"

"అదే. కాళ్ళు లేనాయనది."

"చెబితే గది ఖాళీ చేయమన్నారు."

"ఖాళీ చేయొద్దు. వారానికోసారి చెప్పుకో."

జెంజీ లాంతరు ఇంకాస్త పైకెత్తింది. వెలుగు పొట్ట దాటి గడ్డం దాకా వచ్చింది.

"సరే తల్లీ, రోజూ చెప్పుకో. దించు దాన్ని."

గెలిచింది. బూటు చంకలో పెట్టుకుని, నవ్వు పెదాలకింద నొక్కిపట్టి, గుమ్మంవైపు రెండడుగులు వేసిందో లేదో — పక్క తలుపులోంచి ఎవరో ఆయాసపడుతూ వచ్చారు.

చర్చి పనులు చూసే వెండెలిన్.

"ఇక్కడున్నావా అమ్మాయ్. సాయంత్రం నుంచీ నీకోసం ఊరంతా వెతుకుతున్నా. కప్పు మీదికి వెళ్ళే మెట్ల తాళంచెవి నీ గుత్తిలోనే ఉండిపోయింది." చెయ్యి చాచాడు. "ఫాదర్ నన్ను చంపేస్తాడు. నేనింకా పైకే వెళ్ళలేదు."

జెంజీ తన నడుముకున్న గుత్తి తడిమి చూసుకుంది. తాళంచెవి ఉంది. దానికి జోడు ఇంకోటి లేదు.

పైన... కిర్రు... కిర్రుమంటూ రాట్నం మళ్ళీ తిరిగింది. పీట జానెడు పైకి లేచింది.

"ఆఁ, అదీ..." ఫాదర్ గొంతు హాయిగా వినిపించింది. "నెమ్మదిగా లాగరా వెండెలినూ, తల తిరుగుతోంది."