పన్నెండో నంబరు రక్తం

చలికాలం పది వారాలు ఎండ మొహం చూడని మనిషికి ఒంట్లో విటమిన్ డి తగ్గాలి. తగ్గలేదంటే ఎక్కడో, ఎవరితోనో ఎండ కాచుకున్నట్టే.

ల్యాబ్ టెక్నీషియన్ ఆ రక్తపరీక్ష కాగితాన్ని మూడోసారి చూసింది. తగ్గలేదు. పన్నెండో నంబరు. అది ఎవరిదో ఆమెకు తెలుసు. ఆ చేతికి సూది గుచ్చింది తనే.

గడియారాలు బాగుచేసే అతను ఈ విటమిన్ పరిశోధనలో చేరిన రోజున, సూది ఇంకా కవరులో ఉండగానే కళ్ళు మూసుకుని, అయిపోయిందా అని అడిగాడు. ఆమెకు నవ్వాగలేదు. పరిచయం అక్కడ మొదలై పెళ్ళి మాట దాకా వచ్చింది. పరిశోధన పూర్తయ్యాక జవాబు చెబుతానంది.

మాత్రలు వేసుకోకూడదు, ఎండలో కూర్చోకూడదు. ఇవి అందరికీ షరతులు. ఎవరు ఏ జట్టో, ఎవరిచేత ఏం చేయిస్తున్నారో మాత్రం రక్తం పరీక్షించేవాళ్ళకి తెలియకూడదు. అతనూ నోరు విప్పలేదు. అయితే వారానికి నాలుగు మధ్యాహ్నాలు దుకాణానికి తాళం. ఒకరోజు ల్యాబ్ భవనం పక్క గుమ్మంలోంచి చెమటతో బయటికొస్తూ కనిపించాడు. పక్కన పరుగుల కోచ్. మైదానంలో కమిలి నిగనిగలాడే అందగత్తె. నవ్వుతూ అతని భుజం తట్టింది. టెక్నీషియన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇప్పుడు ఈ కాగితం. తిన్నగా దుకాణానికి వెళ్ళింది.

"మైదానంలో ఎండ బాగుందా?"

అతను కంటికున్న భూతద్దం తీశాడు. "ఏ ఎండ?"

"కోచ్ గారి పక్కన కాచుకున్న ఎండ. మీ రక్తమే చెబుతోంది. నా జవాబు కూడా అందులోనే చూసుకోండి."

అతను భూతద్దం బల్ల మీద పెట్టాడు. రేపు పదింటికి జట్ల జాబితా తెరుస్తారని, అప్పటిదాకా ఎంతైనా తిట్టుకోమని మాత్రం అన్నాడు. తిట్టుకుంటూనే ఇంటికెళ్ళింది.

మర్నాడు పరిశోధన నడిపే డాక్టరమ్మ జాబితా చదివింది. పన్నెండో నంబరు, సైకిలు జట్టు. కిటికీల్లేని కింది గదిలో, కదలని సైకిలు మీద, పక్కన కోచ్ టైము చూస్తుండగా. ఆ జట్టులో చాలామందికి విటమిన్ అంతగా తగ్గలేదట. ఒంట్లో దాగి ఉన్నదాన్ని వ్యాయామం బయటికి తెస్తోందేమో, ఇంకా తేలాలట.

"కాగితాలన్నీ నీ చేతిమీదుగానే వచ్చాయి కదా, నీకు అనుమానం రాలేదా?" అంది డాక్టరమ్మ.

ముప్పై కాగితాల్లో తను చదివింది ఒక్కటేనని ఎలా చెబుతుంది?

ఆ సాయంత్రం దుకాణం గుమ్మంలో చాలాసేపు నిలబడింది. లోపలికి రమ్మని స్టూలు జరిపాడు.

"ఒప్పుకుంటున్నాను, కుళ్ళుకున్నాను," అంది. "కానీ భుజం తట్టడం పరిశోధనలో భాగం కాదు కదా?"

"కాదు. ఇంత కష్టపడి ఎవరికోసం తొక్కుతున్నావని అడిగింది. చెప్పాను. అందుకు తట్టింది."

ఆమె స్టూలు మీద కూర్చుంది.

"సరే, ఆవిణ్ణి మన పెళ్ళికి పిలవండి. ముందు వరసలో మాత్రం కూర్చోబెట్టొద్దు."