గోరంత పొర

రేడియోలో వార్తలు చదివే ఆవిడకి 'ళ' అంటే ప్రాణం. ఆరేళ్ళ కూతురు 'నీల్లు' అని అడిగితే, గ్లాసు చేతిలో ఉన్నా ఇచ్చేది కాదు. "సరిగ్గా అను, ఇస్తా" అనేది. పిల్ల మాత్రం తక్కువ తిందా! అక్షరం పట్టుబడిన రోజునుంచీ తల్లి నోట తప్పు దొర్లుతుందా అని కాచుక్కూర్చుంది.

ఆ అవకాశం రానే వచ్చింది. కింది పంటి దగ్గర చిగురు అరిగిపోతే, డాక్టరు ఆవిడ అంగిలిలోంచి గోరంత పొర కోసి అక్కడ కుట్టాడు. కోసిన చోటికి ప్లాస్టిక్ ప్లేటు అడ్డం పెట్టి, "రెండు వారాలు నాలుక పైకి ఆనించకండి. తెల్లటి పొర కడితే కంగారు పడొద్దు, మానుతున్నట్టే" అన్నాడు. నాలుక పైకి ఆనకపోతే ఇక 'ళ' ఎక్కడిది? తల్లి 'పెల్లి' అన్నప్పుడల్లా కూతురు పొట్ట పట్టుకుని నవ్వేది. సరిగ్గా అనేదాకా చెప్పిన పని చేసేది కాదు.

ఐదో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఆవిడ ముందుగదిలో కునుకు తీస్తోంది. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. నోట్లో మందు వాసన, దాని అడుగున పాత రక్తం వాసన. ఇంతలో వెనక గదిలోంచి మాటలు వినిపించాయి.

"గొళ్ళెం పెట్టావా? ఇప్పుడు కళ్ళు మూసుకో."

తన గొంతే. వార్తలు చదివేటప్పటి గొంతు. 'ళ' కంచు మోగినట్టుంది.

పెదవులు తడుముకుంది. మూసే ఉన్నాయి...

ఒక్క ఉదుటున వెళ్ళి తలుపు బాదింది. "గొల్లెం తీయమ్మా!"

లోపల పకపకా నవ్వు. "తప్పు! సరిగ్గా అను, తీస్తా."

"ఆటలు కాదు తల్లీ... నీతో ఎవరున్నారు?"

"అమ్మ ఉంది," అంది పిల్ల. "నువ్వెవరు?"

తను నేర్పిన పాఠమే తనని కూతురికి కాకుండా చేసింది.

లోపల గుసగుస. "నోరు తెరు... ఇంకా... వేళ్ళు అడ్డు తీయి."

"అమ్మా, నీ చెయ్యి చల్లగా ఉంది..."

ఇక ఆగలేకపోయింది. ప్లేటు పీకి పారేసింది. నాలుక మడిచి పచ్చి పుండు మీద గట్టిగా అదిమింది. కళ్ళు బైర్లు కమ్మాయి. నోరు వెచ్చగా నిండింది.

"గొళ్ళెం... తీయి!"

తలుపు తెరుచుకుంది. గదిలో పిల్ల ఒక్కతే ఉంది. కిటికీ లోపలినుంచి మూసే ఉంది. కూతుర్ని చంకనేసుకుని, చెప్పులైనా వేసుకోకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

ఆయన లైటు వేసి ఆవిడ నోట్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ రక్తం ఎక్కడిదండీ? ఇక్కడ గాయమే లేదు. నేను కోసిన జాడే లేదు."

"పాపని చూడండి," అందావిడ. ఎందుకన్నదో ఆవిడకే తెలీదు.

పిల్ల బుద్ధిగా నోరు తెరిచింది. డాక్టరు లైటు దగ్గరికి జరిపాడు. ఆ చిన్న అంగిలి మీద గోరంత మేర పొర లేదు. అంచులు తిన్నగా ఉన్నాయి. పైన తెల్లగా కట్టింది... ఐదు రోజుల నాటి గాయంలా.

"ఎవరమ్మా కోసింది?" అన్నాడాయన.

"అమ్మే," అంది పిల్ల. "ఇవాల్టికిది చాలంది. మిగతాది రేపట."