దెసాంకా తిన్నవన్నీ

పొద్దున్న ఆరింటికి దెసాంకా వేలికి సూది గుచ్చుకుని, రక్తపు చుక్కను చిన్న పట్టీ మీద పెట్టి షుగరు మిషన్ వంక చూసింది. పదకొండున్నర. నిన్న పదకొండు, మొన్న పదకొండుకు కాస్త పైన. ఏడు దాటకూడదని డాక్టరమ్మ చెప్పి మూడు నెలలు కావస్తోంది. మాత్రలు వేళ తప్పకుండా వేసుకుంటోంది, కాఫీలో చక్కెర మానేసింది, సాయంత్రం చర్చి దాకా నడిచి వస్తోంది. అయినా ఆ అంకె మొండికేసి కూర్చుంది.

ఆ అంకె చూసినప్పుడల్లా ఆమెకు అక్క స్తోయాంకా గుర్తుకొస్తుంది. ఏం కాదులే, ఏం కాదులే అంటూ అక్క ఆరేళ్ళు తిరిగింది. ఏడో ఏడు ఎడమ పాదం తీసేశారు. వచ్చే సోమవారం దెసాంకాకు మూడు నెలల సగటు పరీక్ష ఉంది. అప్పటికీ తగ్గకపోతే ఇన్సులిన్ సూదులు మొదలుపెట్టాల్సిందేనని డాక్టరమ్మ ఖరాఖండీగా చెప్పేసింది. అందుకని స్నానాల గదిలో తలుపేసుకుని రోజూ తన పాదాలు తానే చూసుకుంటోంది.

"దెసా, కాఫీ ఏదీ?" వంటింట్లోంచి భర్త తిహోమిర్ కేక. రైల్వేలో పనిచేసి రిటైరైనా, బండి తప్పిపోతుందేమో అన్నంత తొందర ఆయనది.

"పొయ్యి మీదుంది. పొంగనీ."

"అమ్మా, నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?" అని కొడుకు నెబోయ్షా.

"ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను, చూడు."

"నానమ్మా, నాకీ అంచులొద్దు," అంటూ అయిదేళ్ళ ఇస్క్రా రొట్టె మధ్యలో కొరికి, అంచులు గోడలా వదిలేసి పళ్ళెం తోసేసింది. కోడలు ఓలివెరా పోస్టాఫీసుకు టైమైపోతోందని సగం ముక్క వదిలి లేచింది. ఎనిమిదయ్యేసరికి ఇల్లు ఖాళీ అయింది. దెసాంకా పళ్ళేలన్నీ పోగేసి కడిగి తుడిచి పెట్టింది.

తిహోమిర్ మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. ఆయన జేబులో ఈ మధ్య ఒక తాళంచెవి చేరింది. పండుగ శుక్రవారం పడితే ఉపవాసమని మాంసం మానాల్సిన కుటుంబాల తిప్పలు వేరు గానీ, వీళ్ళ ఇంటి పునీతుడు దిమిత్రి పండుగ, స్లావా, ఈసారి శనివారం వచ్చింది. దానికోసం దెసాంకా రెండు రోజులు కష్టపడి అక్రోటు బిస్కెట్లు చేసింది. చేసీ చేయగానే ఆయన వాటిని అలమరాలో పెట్టి తాళం వేశాడు. "మా ఆవిడ షుగరు నా జేబులో ఉంది," అని వీధి వీధంతా చెప్పుకు తిరుగుతున్నాడు. వండేది ఆవిడ, కాపలా ఈయన.

పదింటికి ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు గోర్దానా వచ్చింది. తిన్నవన్నీ రాయమని తనే ఇచ్చిన నోటుబుక్కు తిరగేసి, కళ్ళజోడు సర్దుకుంది.

"దెసాంకా గారూ, ఉదయం ఏమీ లేదు. మధ్యాహ్నం కొంచెం సూప్. రాత్రి ఒక ఆపిల్. వారమంతా ఇదేనా?"

"ఇదేనమ్మా."

"పిచ్చుక కూడా ఇంతకంటే ఎక్కువ తింటుంది. ఈ తిండికి పదకొండున్నర రాదండీ. మిషన్ అబద్ధమాడుతుండాలి, లేదా..."

"లేదా అనేమీ లేదు, అదే," అన్నాడు తిహోమిర్ నవ్వుతూ. "దొంగతిండి తల్లీ, దొంగతిండి. నేను తాళం వేసినా ఎక్కడో సందు వెతుక్కుంటోంది."

దెసాంకాకు తల కొట్టేసినట్లయింది. పరాయి మనిషి ముందు దొంగ అనిపించుకుంది, అదీ కట్టుకున్నవాడి చేత. నిజం చెప్పాలంటే ఆమె ఒక్క బిస్కెట్ కూడా ముట్టలేదు. తీపి సరిపోయిందో లేదో కూడా చూడకుండా చేతి అంచనాతో చేసింది.

గోర్దానా ఆయన నవ్వుతో కలవలేదు. "నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాయండి. చిటికెడైనా సరే. మీరు తిండి అనుకోనిది కూడా," అని చెప్పి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే సంగతి తెలిసింది. పనుల నుంచి అందరూ వచ్చి భోజనాలయ్యాక గిన్నెల తొట్టి దగ్గర నిలబడి పళ్ళేలు గీరుతోంది. ఒక పళ్ళెంలో మిగిలిన బంగాళాదుంపలు, ఇంకో దాంట్లో మాంసం రసంలో నానిన రొట్టె, పాప సగం తిన్న పాన్‌కేక్. చెయ్యి దానంతటదే చెత్తబుట్ట వైపు కాక నోటి వైపు వెళ్ళింది. దానిలోని జామ్ నాలుకకు తగిలాక గానీ ఆమె ఆగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె చెయ్యి ఇదే చేస్తోంది. ఇది తినడమని ఎన్నడూ తోచలేదు, గిన్నెలు కడగడంలో ఒక భాగమనుకుంది.

మూలనున్న ముక్కాలిపీట మీద కూలబడి నోటుబుక్కు తెరిచింది. సిగ్గేసింది. అయినా రాసింది. ఆ రోజు నుంచి ఒక్కటీ దాచకుండా రాసుకుంటూ పోయింది. తినకుండా ఉండాలనీ చూసింది గానీ, పండుగ పనుల్లో తనకంటూ వేరే వండుకుని కూర్చునే తీరికేదీ? ఆకలేసినప్పుడు ఎదురుగా కనిపించేది పక్కవాళ్ళ పళ్ళెమే.

శనివారం వచ్చింది. ఫాదర్ వచ్చి కొవ్వొత్తి వెలిగించి, పండుగ రొట్టెను తిహోమిర్‌తో కలిసి తిప్పి కోశారు. స్లావా నాడు ఇంటి యజమాని కూర్చోకూడదు. పునీతుని గౌరవార్థం రోజంతా నిలబడి అతిథులకు తానే వడ్డించాలి. తిహోమిర్ ఈ నియమం దగ్గర మహా పట్టుదల మనిషి. "ఈ రోజుల్లో అందరూ చతికిలబడిపోతున్నారు. మీరొక్కరే నిలబడతారు," అని ఫాదర్ మెచ్చుకుంటే, ఆయన ఛాతీ మరో రెండంగుళాలు పొంగింది.

ఫాదర్ వెళ్ళాక బల్ల చుట్టూ ఇంటివాళ్ళు, తిహోమిర్ చెల్లెలు జాగోర్కా, ఆమె భర్త మిగిలారు. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం అయింది, కాల్చిన మిరపకాయల పచ్చడి రెండు సీసాలు అయింది, పళ్ళ సారా రాకియా గ్లాసులు నాలుగో విడత నిండాయి. దెసాంకా వంటింటికీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉంది. మూడు కావస్తోంది, పొద్దున్న మాత్రతో మింగిన నీళ్ళు తప్ప సరైన తిండి కడుపులో పడలేదు.

"వదిన షుగరు ఎలా ఉందన్నయ్యా?" అంది జాగోర్కా.

"ఎలా ఉంటుంది? అలమరాకు తాళం వేసినా దిగి రావట్లేదు. ఉండు, నర్సు రాయిస్తున్న చిట్టా ఒకటుంది. మా దొంగ ఏమేం తిందో విందాం." తిహోమిర్ ఫ్రిజ్ మీంచి నోటుబుక్కు తీశాడు.

వేయించిన పంది మాంసం పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన దెసాంకా చూసింది. "అది అక్కడ పెట్టేయ్, తిహో."

"సిగ్గెందుకే, అందరూ మనవాళ్ళేగా," అని ఆయన గొంతు సవరించుకుని, ఫాదర్ పక్కీలో సాగదీస్తూ మొదలుపెట్టాడు. "మంగళవారం. ఉదయం, ఇస్క్రా వదిలిన రొట్టె అంచులు నాలుగు, జామ్ తో. నెబోయ్షా పళ్ళెంలో చీజు రొట్టె గిబానిత్సా, మూల ముక్క. తిహోమిర్ కప్పులో మిగిలిన పాలు. చూశారా, నా పాలూ వదల్లేదు."

జాగోర్కా భర్త పకపకా నవ్వాడు. నెబోయ్షా కూడా నవ్వాడు.

"మధ్యాహ్నం, ఓలివెరా తినని బంగాళాదుంపలు, చల్లారినవి. సూప్ గిన్నె అడుగున సేమ్యా. ఇస్క్రా పాన్‌కేక్, సగం. రాత్రి, తిహోమిర్ వద్దన్న కొవ్వు." ఆయన పేజీ తిప్పాడు. "బుధవారం. నెబోయ్షా మిగిల్చిన బీన్స్. పారేయడానికి మనసొప్పక మొన్నటి రొట్టె. ఇస్క్రా పెరుగు, కప్పు అడుగున."

సాగదీత ఆగిపోయింది. ఆయన ఇంకో పేజీ తిప్పాడు, మరోటి తిప్పాడు. బిస్కెట్ల కోసం వెతుకుతున్నాడు. దాదాపు ప్రతి వరుసలోనూ ఎవరిదో ఒకరి పేరు ఉంది. ఆమె పేరు లేదు.

ఓలివెరా ముఖం పాలిపోయింది. "అత్తయ్యా, నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పనమ్మా? నీ ఎంగిలి తింటున్నానని చెప్పనా?"

"అందరం ఇలాగే తిన్నాం వదినా," అంది జాగోర్కా, గొంతులో మెత్తదనం తెచ్చుకుని. "మా అమ్మ కూడా ఇంతే. మనం తినే వేళకు ఏముంటే అదే."

"మీ అమ్మ యాభై ఆరుకే పోయింది జాగోర్కా. దేంతో పోయిందో ఎవరూ పరీక్ష కూడా చేయించలేదు."

తిహోమిర్‌కు అందరి ముందూ ఓడిపోవడం మింగుడుపడలేదు.

"ఇప్పుడు నన్ను రాక్షసుణ్ణి చేస్తావా? తినొద్దని నిన్నెవరైనా అన్నారా ఈ ఇంట్లో?"

"అనలేదు. తిన్నావా అని అడగనూ లేదు."

"నువ్వు కూర్చుంటే కాదంటామా? నువ్వే కూర్చోవు. ఎప్పుడు చూసినా నిలబడే ఉంటావు."

దెసాంకా మాంసం పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"ఏడాదికి ఒక్కరోజు నువ్వు నిలబడతావు తిహో. పునీతుని కోసం. ఫాదర్ వచ్చి మెచ్చుకుంటాడు, చెల్లెలు మురిసిపోతుంది, రాత్రికి నీ కాళ్ళకు నేను నూనె రాసి మర్దనా చేస్తాను. నేను ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి నిలబడే ఉన్నాను. నాది ఏ పునీతుని పండుగ? సోమవారం సూదులు మొదలుపెడతారు నాకు. అక్కకు పాదం తీసేశారు, నువ్వూ చూశావు. ఆ గతి నాక్కూడా తప్పదేమోనని రోజూ తలుపేసుకుని నా కాళ్ళు చూసుకుంటున్నాను. నువ్వేమో నన్ను దొంగనని ఊరంతా చెప్తున్నావు."

ఇస్క్రా భయపడి తల్లి ఒళ్ళోకి జరిగింది. తిహోమిర్ తన చేతిలోని నోటుబుక్కు వంక మరోసారి చూశాడు. కొవ్వొద్దని అన్నది తనే, ఆ ముక్క ఏమైందో ఏనాడూ ఆలోచించలేదు. పెళ్ళైన కొత్తల్లో అమ్మ పొయ్యి దగ్గర నిలబడి తింటుంటే తనూ చూశాడు, అది అమ్మల అలవాటనుకున్నాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

నెబోయ్షా లేచి తన కుర్చీ జరిపి, "కూర్చో అమ్మా," అన్నాడు. ఓలివెరా కడిగిన పళ్ళెం ఒకటి తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. సలాడు గిన్నె దగ్గరకు జరిపింది. "ముందు ఇది తినండి అత్తయ్యా. నెమ్మదిగా తినండి. లోపల పని నేను చూస్తాను."

దెసాంకా కూర్చుంది. పండుగ నాడు ఆ బల్ల దగ్గర కూర్చోవడం ఆమెకు కొత్త. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియనట్టు ఒదిగి కూర్చుంది.

తిహోమిర్ వడ్డించే ఫోర్కు అందుకున్నాడు. నిలబడే వంగి, మాంసం పళ్ళెం ఆమె వైపు తిప్పాడు. "ఏ ముక్క వేయమంటావు దెసా? నీకేది ఇష్టం?"

ఆమె పళ్ళెం వంక చూసింది. పక్కటెముకల ముక్క, మాడిన తోలుతో, అది ఆయనది. తొడ నెబోయ్షాది. కొవ్వు లేని ముక్క జాగోర్కాకు, మెత్తగా నలిగేది పాపకు. ఓలివెరాకు మెడ దగ్గరిదంటే ప్రాణం. అందరివీ ఆమెకు తెలుసు, కళ్ళు మూసుకుని వడ్డించగలదు. తనదేదో వెతికింది. ఎంత వెతికినా ఏదీ గుర్తుకు రాలేదు.

"తెలీదు," అంది. అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. "నాకు తెలీదు తిహో. ఏది మిగిలితే అదే తిన్నాను."

తిహోమిర్ కళ్ళలోంచి నీళ్ళు పళ్ళెం అంచు మీద పడ్డాయి. తర్వాత మాంసం పళ్ళెం మొత్తం జరిపి ఆమె ముందు పెట్టాడు.

"అయితే అన్నీ కాస్త కాస్త రుచి చూడు. ఏది ఇష్టమో నీకు తెలిసేదాకా మేమెవరం ముట్టుకోం."

జాగోర్కా తన ఫోర్కు కింద పెట్టేసింది. దెసాంకా మొదటి ముక్క చిన్నగా కోసి నోట్లో పెట్టుకుని నమిలింది, తల అడ్డంగా ఊపి, రెండో ముక్క కోసింది. అరవై ఏళ్ళ మనిషి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ, తనకేది ఇష్టమో వెతుక్కుంటోంది.