గిన్నెలో మూడో స్క్రూ

"స్విచ్ నువ్వే నొక్కు," అన్నాడు నాన్న.

పిడుగు చేతిని గౌనుకి తుడుచుకుని ముందుకొచ్చింది. పిడుగు అసలు పేరు కాదు. పుట్టిన రోజు చేసిన గోలకి తాతయ్య పెట్టిన పేరు. ఇప్పుడు ఐదో తరగతి. గోలా తగ్గలేదు, పేరూ పోలేదు.

బల్ల మీద కొత్త కంప్యూటరు ఉంది. విడి భాగాలు కొనుక్కొచ్చి, పొద్దుటి నుంచి నాన్నా తనూ కూర్చుని బిగించారు. స్క్రూల బాధ్యత మొత్తం పిడుగుదే. అమ్మ డ్యూటీకి వెళ్తూ ఒక స్టీలు గిన్నె చేతికిచ్చింది.

"ముందు స్క్రూలన్నీ లెక్కపెట్టు. బిగించినవీ మిగిలినవీ కలిపి అన్నే ఉండాలి. అప్పుడే మూత వేయండి," అని చెప్పింది.

స్క్రూలు పన్నెండు వచ్చాయి. మదర్‌బోర్డుకి తొమ్మిది పట్టాయి. మదర్‌బోర్డు అంటే మిగతా భాగాలన్నీ వచ్చి కూర్చునే పెద్ద పలక.

పిడుగు ఊపిరి బిగబట్టి స్విచ్ నొక్కింది. లోపలి ఫ్యాన్ ఒక్కసారి ఉలిక్కిపడింది. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

"ఆదివారం కదా, దానికీ సెలవేమో," అన్నాడు తాతయ్య, కుర్చీలోంచి కదలకుండా.

నాన్న నవ్వలేదు. ప్లగ్గు తీసి గోడకున్న ఇంకో స్విచ్‌బోర్డులో పెట్టాడు. అదే ప్లగ్ పాయింట్‌లో టేబుల్ ఫ్యాన్ పెడితే హాయిగా తిరిగింది. మూత తీసి వైర్లన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. ర్యామ్ అనే మెమరీ ముక్క తీసి, టక్‌మనేలా మళ్ళీ బిగించాడు. అన్నీ అయ్యాక కూడా ఫ్యాన్ ఉలిక్కిపడటం, ఆగిపోవటం.

"బోర్డే పాడైంది," అని దుకాణానికి ఫోన్ చేశాడు.

దుకాణం ఆంటీ గొంతు గది అంతా వినిపించింది. "మీ ఎదురుగానే వెలిగించి చూపించాను కదండీ?"

"ఇక్కడ వెలగట్లేదు మేడమ్! పాడైన సరుకు అంటగట్టారు మాకు."

"సరేనండీ. ఐదింటికల్లా తీసుకురండి. చూస్తాను," అంది ఆవిడ నెమ్మదిగా.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస," అన్నాడు తాతయ్య.

"అయితే మేం ఎక్కడ తప్పు చేశామో నువ్వే చెప్పు నాన్నా!" అని తాతయ్య మీద విసుక్కున్నాడు నాన్న.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పిడుగు చెయ్యి గిన్నె మీదికి వెళ్ళింది.

ఎందుకంటే పొద్దున ఒక స్క్రూ ఆమె వేళ్ళ సందులోంచి జారింది. చప్పుడు వినిపించలేదు. నేలంతా వెతికినా కనిపించలేదు. అంతకుముందే తాతయ్య దగ్గర గొప్పలు పోయింది, "నా అంత జాగ్రత్త ఇంకెవరికీ లేదు తెలుసా!" అని. ఇక జారిందని ఏ ముఖం పెట్టుకుని చెప్తుంది? గిన్నెలోంచి ఇంకోటి తీసి నాన్నకి అందించింది.

పని అయ్యేసరికి గిన్నెలో మూడుకి బదులు రెండే మిగిలాయి. పిడుగు వరండాలోకి పరిగెత్తి, తన సైకిల్ బెల్లుకున్న చిన్న స్క్రూ విప్పి తెచ్చి గిన్నెలో వేసింది. "మిగిలినవి మూడేనా?" అని నాన్న అడిగితే, "మూడే!" అంది.

ఇప్పుడు దుకాణం ఆంటీయే గుర్తొస్తోంది. బోర్డు మీద దుమ్ము చిన్న బ్రష్‌తో ఎంత ముద్దుగా దులిపిందో. "అంచులు పట్టుకోవాలి తల్లీ, ఫొటో పట్టుకున్నట్టు," అని తనకే ప్రత్యేకంగా నేర్పింది. అలాంటి ఆంటీని పట్టుకుని నాన్న అన్ని మాటలన్నాడు. పిడుగుకి ఏడుపొచ్చింది.

మూడింటికి అమ్మ వచ్చింది. అమ్మ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు.

"లెక్క సరిపోయిందా?" అని అడిగింది చెప్పులు విప్పుతూనే.

"అంతా సరిపోయింది. మూడు మిగిలాయి," అన్నాడు నాన్న, బోర్డు అట్టపెట్టె వెతుకుతూ.

పిడుగు అమ్మ పక్కన చేరింది. "అమ్మా, మీ దగ్గర లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"ఒకసారి తప్పింది. కుట్లు వేసేముందు ఎంత పెద్ద డాక్టరైనా 'సిస్టర్, లెక్క సరిపోయిందా?' అని నన్ను అడగాల్సిందే. ఆ రోజు ఒక సూది తక్కువైంది. నా చేతిలోంచే జారింది."

"మరి?"

"జారిందని చెప్పేశా. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. చివరికి నా గౌను మడతలోనే దొరికింది."

"తిట్టారా?"

"తిట్టడమా! 'మంచిపని చేశావు సిస్టర్' అన్నారు. ఆ రోజు ఇంటికి ఎంత గర్వంగా నడిచొచ్చానో."

నాన్నకి అట్టపెట్టె దొరికింది.

"నాన్నా, ఆగు!" అంది పిడుగు. "ఆ మూడోది కంప్యూటరుది కాదు. నా సైకిల్ బెల్లుది. అసలుది నా చేతిలోంచి జారిపోయింది. నేనే చెప్పలేదు."

నాన్న అట్టపెట్టె కింద పెట్టాడు.

"ఆవిణ్ణి అనరాని మాటలన్నానే," అన్నాడు. కోపంగా ఇంకేదో అనబోయి, కూతురి ముఖం చూసి ఆగాడు. "సరే. ప్లగ్గు తియ్యి. విప్పుదాం పద."

తొమ్మిది స్క్రూలూ గిన్నెలోకి వచ్చాయి. నాన్న బోర్డుని అంచులు పట్టుకుని మెల్లగా లేపాడు. దాని కిందే, కంప్యూటరు పెట్టె రేకుకీ బోర్డుకీ మధ్య, తళతళలాడుతూ ఉంది పొద్దుటి స్క్రూ.

"కరెంటు వెళ్ళకూడని చోటికి ఇది దారి వేసింది. అందుకే పాపం కంప్యూటరు పాడవకుండా ఎప్పటికప్పుడు ఆగిపోయింది," అన్నాడు నాన్న. వెంటనే ఫోన్ తీసి దుకాణానికి చేశాడు. "క్షమించండి మేడమ్, తప్పు మాదే," అని చెప్తుంటే పిడుగు మధ్యలో దూరింది.

"నాన్నది కాదాంటీ, నాది! స్క్రూ నేనే పడేశాను. మీ బోర్డు మంచిదే."

అటువైపు నవ్వు వినిపించింది. "నా బోర్డు మీద నాకు ముందునుంచీ నమ్మకమే. ఇప్పుడు నీ మీద కూడా. వెలిగాక చెప్పు తల్లీ."

మళ్ళీ పని మొదలైంది. పిడుగు ఒక్కో స్క్రూ లెక్కపెడుతూ అందిస్తోంది. ఒకటి, రెండు, మూడు... ఆరోది వేళ్ళలోంచి సర్రున జారింది.

"ఆగండి! ఒకటి జారింది!"

నాన్న స్క్రూడ్రైవర్ గాల్లోనే ఆగింది. అమ్మ టార్చి పట్టుకుని నేల మీద కూర్చుంది. తాతయ్య మొదటిసారి కుర్చీలోంచి లేచి, చెప్పు దులిపాడు. టింగుమని స్క్రూ బయటపడింది.

"చెప్పావు కాబట్టి సరిపోయింది. లేకపోతే దీంతో నేను వాకింగ్‌కి పోయుండేవాణ్ణి," అన్నాడు.

తొమ్మిదీ బిగించారు. నాన్న మూత చేతిలోకి తీసుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"సిస్టర్, లెక్క సరిపోయిందా?"

నాన్న చూస్తోంది అమ్మని కాదు.

పిడుగు గిన్నెలోకి చూసింది. నాలుగు ఉన్నాయి. సైకిల్ బెల్లు స్క్రూ తీసి జేబులో వేసుకుంది. మిగతావి వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ రెండుసార్లు లెక్కపెట్టింది.

"సరిపోయింది. మూసేయండి, డాక్టర్."

తర్వాత స్విచ్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. ఈసారి ఆగలేదు.