పొగమంచులో రేకుల మోత

ఎవరో వెనకే వస్తున్నారు...

మారిసెల ఆగి వింటోంది. బూట్ల చప్పుడు. అదీ ఆగింది!

పొద్దు ఇప్పుడే గూకింది. కొండంతా పొగమంచు. ముందు ఈ కొండ ఊరి సొయిలా అవ్వ చెప్పుల్లేకుండా దిగుతోంది. ఆవిడ వీపున, దుప్పట్లో చుట్టిన విమానం రేకు. ఇన్నేళ్లూ అవ్వ దాని మీదే మొక్కజొన్నలు వేయించింది.

ఏళ్ల కిందట దేశ ప్రెసిడెంట్ విమానం ఈ కొండ మీదే కూలింది. పైలట్ తాగి కొండకు గుద్దాడని విచారణ కమిషన్ రాసింది. ఇంజన్ చెడిందని సైన్యం చెప్పింది. ముందు ఆకాశంలోనే మండింది, తర్వాతే పడింది అని ఊరంతా మొత్తుకుంది. ఊరి మాట ఎవడిక్కావాలి?

ఆ పైలట్ మారిసెల నాన్న. జన్మలో చుక్క ముట్టని మనిషి. ఇప్పటికీ ఆయన సమాధి మీద ఎవరో ఖాళీ సీసాలు పడేసి పోతుంటారు. అవి ఏరి ఏరి అమ్మ మంచం పట్టింది.

రేకుకో చిల్లుందట; మారిసెల ఇంకా చూడలేదు. దాని అంచులు బయటికి విచ్చుకుని ఉంటే, లోపల బాంబు పేలినట్టే. నాన్న తప్పు లేనట్టే. ఈ సంగతి చెప్పి ఆమెను ఇక్కడికి పంపింది కెప్టెన్ వినుయేసా. సైన్యంలో నాన్నతో కలిసి విమానాలు నడిపినవాడు. కింద రోడ్డు మీద జీపుతో ఉంటానన్నాడు.

బూట్లు పరుగందుకున్నాయి!

మారిసెల అవ్వ చెయ్యి పట్టుకుని బాట వదిలి పరుగెత్తింది. ఎటు పోతున్నారో తెలియదు... ఆ బూట్లే ఎదురొచ్చాయి. టార్చి వెలుగు మొహాన పడింది.

వినుయేసా!

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అతని చేతిలో పిస్తోలు చూసేదాకా.

"యూనిఫాం కనబడితే ఈ ఊళ్లో ఎవరూ నోరు విప్పరు. అందుకే నిన్ను పంపాను. రేకు ఇటు తే అమ్మాయ్."

దుప్పటి లాగి టార్చి వేశాడు. చిల్లుంది. అంచులు మాత్రం చదునుగా, నున్నగా...

మనవల చేతులు తెగుతున్నాయని తనే రాయి పెట్టి కొట్టానని అవ్వ చెప్పింది.

నాన్న తప్పు లేదనే సాక్ష్యం పోయింది. వినుయేసా పగలబడి నవ్వి పిస్తోలు దించాడు. "ఉంచుకో అవ్వా. వేయించుకు తిను."

అవ్వకు వీళ్ల గొడవ సగమే అర్థమైంది. దారి తప్పామని మాత్రం తెలిసింది. మంచులో దారి తప్పితే ఈ కొండల్లో అందరూ చేసే పనే ఆవిడా చేసింది. రేకు అందుకుని రాయితో కొట్టింది.

ఖంగ్...

లోయలోంచి జవాబొచ్చింది. ఖంగ్! ఎదురు కొండ మీంచి ఇంకొకటి. దగ్గర్లోనే, పై మలుపులోంచి మరొకటి...

వినుయేసా నవ్వు ఆగిపోయింది. పైలట్ కదా, ఆ లోహం మోత అతనికి తెలుసు.

"ఎన్ని ముక్కలున్నాయే?"

"ఇంటికొకటి నాయనా. చదును చేసుకుంది నేనొక్కదాన్నే. మిగతావాళ్లకి బద్ధకం."

పిస్తోలు పేలింది!

అవ్వ పడిపోయింది. చేతిలో రేకు మూగబోయింది.

కొండల్లో మోత మాత్రం ఆగలేదు. దారి తప్పినవాళ్ల కోసం ఊరు బయలుదేరింది.

పిస్తోలు మారిసెల వైపు తిరిగింది. ఆమె అప్పటికే అవ్వ చేతిలోని రాయి తీసుకుంది. ఏడుస్తూ, ఆపకుండా రేకు కొడుతోంది...

వినుయేసా వీపు వెనకే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో మరో రేకు...

ఖంగ్!