సర్వర్ గదిలో పెద్దాయన

మా వదిన పనిచేసే ఆసుపత్రిలో మెట్లు దిగి, మార్చురీ దాటి కుడివైపు తిరిగితే సర్వర్ గది వస్తుంది. మార్చురీలోకి ఒంటరిగా వెళ్ళడానికి అక్కడ ఎవరూ జంకరు. సర్వర్ గది మాటెత్తితే మాత్రం నర్సుల దగ్గర్నుంచి లిఫ్ట్ నడిపేవాడి దాకా అందరికీ ఏదో పని గుర్తొస్తుంది.

"అక్కడ పెద్దాయన ఉన్నాడు..." అంటారు. అదీ గొంతు తగ్గించి.

పెద్దాయన ఒకప్పుడు ఆ గదికి అధికారి. మా వదినకి పని నేర్పినవాడు. ఒకరోజు ఆసుపత్రి కంప్యూటర్లన్నీ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చచ్చిపడ్డాయి. రిపోర్టులు రాలేదు, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, రోగుల బంధువులు కౌంటర్ల మీదికి వచ్చారు. తప్పు పెద్దాయనదని తేల్చి ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆ దిగులుతోనే కొన్నాళ్ళకి పోయాడని చెప్పుకున్నారు.

అప్పట్నించీ ఆ గదికి చెడ్డపేరు.

ఆ గదిలో ఒక ఇనప బీరువా లాంటిది ఉంటుంది. ఆసుపత్రికి కావలసిన కంప్యూటర్లన్నీ అందులో ఒళ్ళు లేకుండా బతుకుతుంటాయట. వాటన్నిటినీ అదుపులో పెట్టే సర్వర్ ఇంకోటి. "ఒళ్ళు లేని కంప్యూటర్లా! దెయ్యానికి ఇంతకంటే మంచి అద్దె ఇల్లు ఎక్కడ దొరుకుతుంది వదినా?" అని ఏడిపించేదాన్ని. బొద్దింకని చూస్తే మంచమెక్కుతుంది కానీ, దెయ్యాలంటే మా వదినకి లెక్కలేదు. అయినా పెద్దాయన పేరు వినబడితే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

ఇంతకీ ఆ గదిలో జరిగేదేమిటంటే— అదుపు సర్వర్లో సెట్టింగులు మారిస్తే, ఒక్కోసారి కాసేపటికి వాటంతటవే పాతవి వచ్చేస్తాయి. బయటి నుంచి వచ్చిన కాంట్రాక్టరు ఒకడు అన్నీ మార్చి, టీ తాగొచ్చి చూస్తే మళ్ళీ మొదటికే ఉంది. ఆ మనిషి బ్యాగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. తన గదిలో ఇంకొకరి చెయ్యి పడితే పెద్దాయన ఊరుకోడన్నారు.

చివరికి ఆ పని మా వదిన నెత్తిన పడింది.

ఆసుపత్రిలో హడావుడి తగ్గాక గానీ అలాంటి మార్పులు చేయకూడదు. కాబట్టి రాత్రే దిగింది. ఆ సర్వర్ని ఏయే కంప్యూటర్ల నుంచి తెరవచ్చో రాసి, మిగతావాటికి తలుపు మూసెయ్యాలి. దాంతోపాటు, లోపలికి రాగల మనుషుల పేర్లలోంచి పెద్దాయన పేరు తీసెయ్యాలి. మనిషి పోయినా పేరు అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ తీయడానికి మా వదినకి చెయ్యి రాలేదు.

ఏసీ చలి. ఫ్యాన్ల హోరు. తలుపు పక్క కొక్కేనికి పెద్దాయన స్వెట్టర్— మోచేతుల దగ్గర సాగిపోయి, ఇంకా ఎవరో తొడుక్కున్నట్టే వేలాడుతోంది. దాన్ని తీసే ధైర్యం ఎవరికీ లేదు.

మా వదిన దానికి వీపు పెట్టి కూర్చుంది. కంప్యూటర్ల చిరునామాలు రాసింది. పెద్దాయన పేరు చెరిపేసింది. అన్నీ ఒకేసారి అమలయ్యేలా బటన్ నొక్కింది.

తెర మీద అంతా ఆగిపోయింది. సర్వర్ అందడం లేదు...

కాసేపటికి, తను ఏమీ ముట్టుకోకుండానే, తెర మళ్ళీ వెలిగింది. సెట్టింగులు పాతవే. పేర్లలో అన్నిటికంటే పైన— పెద్దాయన పేరు.

మళ్ళీ తీసింది. మళ్ళీ నొక్కింది. తెర ఆగింది... వెలిగింది. పేరు అక్కడే ఉంది.

మా వదినకి వెనక్కి తిరిగి స్వెట్టర్ వైపు చూసే ధైర్యం చాల్లేదు.

"సార్..." అంది గుసగుసగా. "ఆ రోజు సెట్టింగులు మార్చింది నేనే సార్. ఎవరు ముట్టుకున్నారని మేనేజరు అడిగినప్పుడు మీరు నావైపు చూశారు... నేను తల దించుకున్నాను. నా ఉద్యోగం నిలబడితే చాలనుకున్నాను సార్."

వెనక ఎవరో దగ్గారు.

మా వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఎవరితోనమ్మా మాట్లాడుతున్నారు?" టార్చి పట్టుకుని గుమ్మంలో రాత్రి గార్డు.

"పెద్దాయన పేరు... తీస్తుంటే మళ్ళీ వస్తోంది" అంది మా వదిన. "చనిపోయినా ఈ గది వదలడం లేదు."

"చనిపోవడమేమిటమ్మా! బస్టాండు వెనకాల సెల్‌ఫోన్లు బాగుచేస్తుంటేనూ. మొన్ననే నా ఫోనుకి బ్యాటరీ వేసిచ్చాడు."

ఆయన పోయాడన్న కబురు నిజమో కాదో మా వదిన ఏనాడూ కనుక్కోలేదు. పోయాడంటే ఇంకెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా... అని మనసులో ఒక మూల ఉండేదట. ఈ మాట చెబుతున్నప్పుడు మా వదిన నా మొహం చూడలేదు.

"వెళ్ళిపోయే రోజు నన్నే తాళం అడిగాడు" అన్నాడు గార్డు. "ఇవ్వొద్దన్నారు. అయినా ఇచ్చాను. 'ఆ అమ్మాయి గొళ్ళెం తీసేసింది, మళ్ళీ పెట్టి వచ్చేస్తా' అన్నాడు. ఏం గొళ్ళెమో మరి, ఈ తలుపుకి గొళ్ళెమే లేదు."

ఉంది. కాకపోతే తలుపుకి కాదు.

మార్పు చేసినవాడే సర్వర్ని అందుకోలేకపోతే, కాసేపు చూసి పాత సెట్టింగులు తిరిగి పెట్టేసుకునే ఏర్పాటు ఒకటి అందులో ఉంటుంది. మాటిమాటికీ అడ్డొస్తోందని అప్పట్లో మా వదినే దాన్ని తీసేసింది. తీసేశాను కదా అన్న ధీమాతోనే ఈ రాత్రి దాని ఊసే తలుచుకోలేదు. అది ఉండి ఉంటే, ఆ రోజు ఆసుపత్రి ఆగేదే కాదు.

తెర మీద తను రాసిన చిరునామాలు మళ్ళీ చూసుకుంది. తన కంప్యూటర్ చిరునామా రాయనేలేదు. లోపల గడియ వేసి తను వీధిలో నిలబడ్డట్టు. ఆ రోజూ ఇదే తప్పు, కాకపోతే ఆ రోజు తనతోపాటు ఆసుపత్రి మొత్తం వీధిలో నిలబడింది.

అంటే, ఎవరి చేతివల్ల జరిగిందో పెద్దాయనకి తెలుసు. తెలిసే నోరు మూసుకుని, గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయాడు.

"దెయ్యమైతే బాగుండేది" అంది మా వదిన నాతో.

తన చిరునామా రాసి నొక్కగానే సెట్టింగులు నిలబడ్డాయి. పెద్దాయన పేరు మాత్రం తీయకుండా వదిలేసి, తెల్లారగానే బస్టాండు వెనక్కి వెళ్ళింది. ఆయన భూతద్దం పెట్టుకుని ఎవరిదో ఫోను విప్పుతున్నాడు.

"మేనేజరుకి నిజం చెప్పడానికి వెళ్తున్నాను సార్. రాత్రి ఆ సర్వర్ దగ్గర కూర్చున్నాకే గొళ్ళెం సంగతి తెలిసింది. ముందు మీకు చెప్పాలని..."

ఆయన తలెత్తలేదు. "రాత్రి మార్పులు చేశావా?"

"చేశాను సార్."

"నీ మెషీన్ చిరునామా రాశావా?"

"మూడోసారికి రాశాను."

"నా పేరు తీశావా?"

"లేదు సార్..."

"బయటికి పోయినవాడి పేరు లోపల ఉండకూడదని మొదటి రోజే చెప్పానా లేదా? వెళ్ళి తీసెయ్."

అంతే. ఇంకో ఫోను అందుకున్నాడు.

ఆ రోజే మా వదిన మేనేజరుకి చెప్పేసింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తేలలేదు. పెద్దాయన పేరు తనే తీసేసింది, ఈసారి అది తిరిగి రాలేదు. ఇప్పుడా గదిలోకి అందరూ మామూలుగానే వెళ్ళొస్తున్నారు. మా వదినకి మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఆయన తనని ఒక్క మాటైనా అనలేదని.